మార్క్ లిడ్విల్: గుండెకు సూది, సముద్రానికి గాలం (పిల్లల వ్యాసానికి మీ సాయం కావాలి)

పాతపుటలు రాసింది:

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో హైస్కూలు పిల్లల కోసం నెలకొక గోడపత్రిక తెస్తున్నాం. వచ్చే నెలకు డాక్టర్ మార్క్ కౌలీ లిడ్విల్ గురించి రాద్దామని కూర్చున్నాను. 1878లో ఇంగ్లండులో పుట్టి, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, సిడ్నీలో మత్తుమందు వైద్యుడిగా స్థిరపడి, 1969లో కన్నుమూసిన మనిషి.

రాయబోతే ఒక చిక్కు వచ్చి పడింది. వైద్యచరిత్ర పుస్తకాల్లో ఆయన ఆగిన గుండెను విద్యుత్తుతో కొట్టించిన తొలి పేస్‌మేకర్ నిర్మాత. పెద్ద చేపల వేట గురించిన పుస్తకాల్లో 1913లో న్యూ సౌత్ వేల్స్‌లోని పోర్ట్ స్టీఫెన్స్ దగ్గర మొట్టమొదటి నల్ల మార్లిన్ చేపను పట్టిన వీరుడు. మొదటి పుస్తకాల్లో చేప కనిపించదు, రెండో వాటిలో గుండె కనిపించదు. కనిపించినా ఒక్క వాక్యం, అదీ వింతవార్తలాగా. ఒకే పేరున్న ఇద్దరు మనుషులేమో అని నేనే కొన్నాళ్లు అనుకున్నాను.

ఈ రెండు జీవితాలనూ ఒకే మనిషి జీవితంగా పిల్లలకు చెప్పాలని ఉంది. నాకు సముద్రమూ తెలియదు, వైద్యమూ తెలియదు. మొదటి వాక్యంగా ఇది రాసుకున్నాను: "ప్రపంచంలో తొలిసారి నల్ల మార్లిన్ చేపను పట్టినది ఒక డాక్టరు." ఎలా ఉందో చెప్పండి.

తెప్పకట్టు రాసింది:

ఆ వాక్యం తప్పండీ. దయచేసి మార్చండి.

మాది భీమిలి దగ్గర ఊరు. మా తాత, మా నాన్న సముద్రం మీదే బతికారు. మీరు నల్ల మార్లిన్ అంటున్న చేప మాకు కొత్తది కాదు. మా తీరంలో ముక్కు ఈటెలా పొడుచుకొచ్చిన ఈ జాతి చేపలన్నిటినీ కలిపి కొమ్ము కోనాం అంటారు. వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉన్నదీ అదే పేరుతో పోతుంది, మార్లినూ అదే పేరుతో పోతుంది. తెప్ప మీద కూర్చుని చేతిగాలంతో ఈ చేపను పట్టినవాళ్లు 1913కు ఎంతో ముందు నుంచీ మా తీరంలో ఉన్నారు. ఇక్కడే కాదు, పసిఫిక్ దీవుల్లో, జపాన్‌లో ఈటెలతో, తాళ్లతో పట్టేవాళ్లు. ఈ చేప శాస్త్రీయ నామంలో రెండో మాట "ఇండికా". ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1832లో పెట్టిన పేరు అది. లిడ్విల్ పుట్టడానికి 46 ఏళ్ల ముందే శాస్త్రానికి కూడా తెలిసిన చేప అన్నమాట.

లిడ్విల్ చేసిన మొదటి పని వేరు. చేతిలో కర్ర, దానికి రీలు, రీలుకు దారం. ఈ మూడింటితో, క్రీడగా, నల్ల మార్లిన్‌ను పడవ దాకా తెచ్చిన మొదటి మనిషిగా ఆయన పేరు నమోదైంది. ఆ గొప్పతనం ఆయనకు ఉండనివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ "తొలిసారి పట్టినది" అని రాస్తే మా తాతలు పట్టిన చేపలన్నీ లెక్కలోంచి పోతాయి.

పాతపుటలు రాసింది:

తెప్పకట్టు గారూ, నూటికి నూరుపాళ్లు మీరు చెప్పిందే సరి. ఆ వాక్యం కొట్టేశాను. పరాయి పుస్తకంలోని మాటను ఆలోచించకుండా ఎత్తి రాశాను. "కర్రతో, రీలుతో" అన్న మాట తప్పనిసరిగా చేరుస్తాను.

మరొక్కటి అడుగుతాను. చేతిగాలానికీ రీలుకూ తేడా పిల్లలకు ఎలా చెప్పాలి?

తెప్పకట్టు రాసింది:

చేతిగాలం అంటే దారం నేరుగా చేతిలో ఉంటుంది. చేప లాగితే వేళ్ల మధ్యనుంచే జారాలి. మా నాన్న వేళ్లకు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టుకునేవాడు. అయినా చూపుడువేలి మడతలో చర్మం ఎప్పుడూ తెగే ఉండేది. ఎంత వదలాలి, ఎప్పుడు బిగించాలి అన్నది వేలికి తెలియాలి. పెద్ద కోనాం పడితే దాన్ని లాగే పని పెట్టుకోరు. అదే తెప్పను లాక్కుపోతుంది, పోనిస్తారు. అలిసిపోయాక దగ్గరికి తెస్తారు. దగ్గరికి వచ్చాకే అసలు ప్రమాదం. కొన్నేళ్ల కిందట విశాఖ తీరంలో ఒక మత్స్యకారుణ్ణి ఈ చేప ముక్కుతో పొడిచి చంపింది. మా ఊళ్లో అందరికీ గుర్తున్న సంగతి.

రీలు సంగతి నాకు అంతగా తెలియదు, తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్సన్‌బే నివాసి రాసింది:

నేను పన్నెండేళ్లుగా పోర్ట్ స్టీఫెన్స్‌లోనే ఉంటున్నాను. సిడ్నీకి ఉత్తరంగా రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లు, న్యూకాసిల్ నగరం దాటాక వస్తుంది. మా ఇంటి నుంచి టొమరీ కొండ కనిపిస్తుంది. అఖాతం ముఖద్వారానికి ఇటు టొమరీ, అటు యాకబా అనే కొండ. వాటి మధ్యనుంచి పడవలు బయటికి వెళ్తే ఉత్తరాన బ్రౌటన్ దీవి. పెద్ద చేపల వేటకు ఈ ఊరికి ఇప్పటికీ పేరుంది.

రీలు గురించి నేను చెప్పగలను. ఇక్కడికి వచ్చాక నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. ఇప్పటి రీలులో బ్రేకు ఉంటుంది. చేప పరుగెత్తితే చుట్ట తిరుగుతూ దారం వదులుతుంది, పిడి మాత్రం కదలదు. పిడి పక్కన నక్షత్రం ఆకారంలో ఒక చక్రం ఉంటుంది, దాన్ని తిప్పి బ్రేకు బిగువు మార్చుకుంటారు. ఆ నక్షత్రపు బ్రేకు అమెరికాలో సరిగ్గా 1913 ప్రాంతంలోనే రూపం దిద్దుకుంది. అంతకు ముందు రీళ్లలో చుట్ట తిరిగితే పిడి కూడా వెనక్కి గిర్రున తిరిగేది. పిడి తగిలి వేళ్లు చితికేవి, ఎముకలు విరిగేవి. చుట్ట మీద తోలుముక్క పెట్టి బొటనవేలితో నొక్కడమే అప్పటి బ్రేకు. దారం నారతో చేసినది. ప్రతి వేట తర్వాత ఉప్పు కడిగి ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది.

లిడ్విల్ పట్టిన చేప బరువు 70 పౌన్లు, అంటే 32 కిలోల లోపు. అదేమంత పెద్దది అని పిల్లలు అడగవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం వెచ్చని నీళ్లను దక్షిణానికి మోసుకొస్తుంది. వాటితో పాటు ఈ పరిమాణంలోని పిల్ల మార్లిన్‌లు మా తీరానికి వస్తాయి. ఇది వాటి మామూలు దారి. కానీ అవి అసలు వస్తున్నాయని, కర్రకు లొంగుతాయని అప్పట్లో వేటగాళ్లకు తెలియదు. కాలిఫోర్నియా దగ్గర కటలీనా దీవిలో 1903లోనే చారల మార్లిన్‌ను రీలుతో పట్టారు. నల్ల మార్లిన్ వంతు వచ్చేసరికి ఇంకో పదేళ్లు పట్టింది, అదీ మా ఊళ్లో.

ఉప్పుగాలి రాసింది:

క్షమించండి, నాకు ఈ వ్యాసమే నచ్చడం లేదు. సరదా కోసం సముద్రంలోని అంత గొప్ప ప్రాణిని గంటలకొద్దీ హింసించి చంపడాన్ని పిల్లలకు ఆదర్శంగా చూపించాలా? డాక్టరు గురించి రాయండి. చేపను వదిలేయండి.

తెప్పకట్టు రాసింది:

ఉప్పుగాలి గారూ, ఇంత పెద్ద చేప మా ఇళ్లలో ఒక వారం బియ్యం. సరదా కోసం చంపడం నాకూ మింగుడుపడదు. అయినా దాచిపెట్టడం కూడా సరికాదు. ఆ మనిషి ఆ పని చేశాడు కదా.

నెల్సన్‌బే నివాసి రాసింది:

ఉప్పుగాలి గారి బాధ నిజమైనదే. 1930ల్లో ఇక్కడి రేవుల్లో తీసిన ఫొటోలు చూస్తే, తలకిందులుగా వేలాడదీసిన చేపల పక్కన టోపీలు పెట్టుకున్న మనుషులు నవ్వుతూ కనిపిస్తారు. 1936లో అమెరికన్ నవలాకారుడు జేన్ గ్రే దక్షిణాన బెర్మగుయికి వచ్చి మకాం వేశాక ఆ మోజు ఇంకా పెరిగింది. 1959లో ఆల్ఫ్ డీన్ అనే ద్రాక్షతోటల రైతు దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా దగ్గర 2664 పౌన్ల తెల్ల సొరచేపను రీలుతో పట్టాడు. అంటే 1200 కిలోలకు పైనే. ఆనాడు దాన్ని దేశమంతా గొప్పగా చెప్పుకుంది. ఈనాడు ఆ జాతిని చట్టం కాపాడుతోంది, పట్టడమే నేరం.

మార్లిన్ విషయంలో కూడా మార్పు వచ్చింది. 1973 నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో వేటగాళ్లే చేపకు చిన్న గుర్తు గుచ్చి వదిలేసే పథకం ఉంది. ఇప్పుడు ఇక్కడ పట్టిన మార్లిన్‌లలో ఎక్కువ భాగం తిరిగి నీళ్లలోకే వెళ్తాయి. నేను పట్టినవి మూడే మూడు, మూడూ వదిలేశాను. ఒకటి వెళ్లేముందు పడవ పక్కనే కాసేపు నిలబడింది. నల్ల మార్లిన్‌కు పక్కరెక్కలు ఒంటికి అతుక్కోవు, బిగుసుకుని విమానం రెక్కల్లా నిలబడి ఉంటాయి. ఒంటి మీద నీలం రంగు వెలిగి ఆరిపోతూ ఉంటుంది. ఆ కాసేపటి కోసమే సముద్రం మీదికి వెళ్తున్నానేమో అనిపిస్తుంది.

పిల్లలకు ఈ మార్పు కూడా చెప్పవచ్చు కదా.

మత్తువైద్యం రాసింది:

ఆలస్యంగా చూశాను ఈ చర్చను. నేను ముప్ఫై ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇస్తున్నాను. లిడ్విల్ పేరు మా పాఠాల్లో ఒక వాక్యంగా వస్తుంది. కానీ ఆ వాక్యం వెనుక ఉన్న కథలో మన హైదరాబాదు ఉంది. అది చెప్పకుండా ఉండలేను.

ఆయన చదువుకునే రోజుల్లో మత్తుకు ముఖ్యంగా వాడేవి రెండు: ఈథర్, క్లోరోఫామ్. క్లోరోఫామ్ తీయగా, త్వరగా పనిచేసేది. కానీ ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న మనిషి, కత్తి పెట్టకముందే, బల్లమీద ఉన్నట్టుండి చనిపోయేవాడు. ఎందుకు? ఊపిరి ఆగా, గుండె ఆగా? దీని మీద లోకమంతా వాదులాట. 1888లోను 1889లోను హైదరాబాదులో రెండు క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వం, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు. రెండో కమిషనుకు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి, క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదు, ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు అని తేల్చారు.

ఆ తీర్పు తప్పు. 1911లో లెవీ అనే పరిశోధకుడు పిల్లుల మీద పరీక్షలు చేసి, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో గుండె కింది గదులు లయ తప్పి వణికిపోయి హఠాత్తుగా ఆగిపోగలవని చూపించాడు. ఊపిరి బాగున్నా గుండె పోవచ్చు. హైదరాబాదులో శ్రమపడినవాళ్లను నేను చిన్నబుచ్చడం లేదు. ఊపిరిని కనిపెట్టమన్న వాళ్ల సలహా ఎందరినో కాపాడింది. కానీ గుండె వైపు చూడవద్దన్న మాట ఎందరినో బలి తీసుకుంది.

లిడ్విల్ పనిలోకి దిగింది సరిగ్గా ఆ కాలంలో. ముందు ఊపిరి సంగతి చూశాడు. సన్నని గొట్టాన్ని శ్వాసనాళంలోకి దింపి, మోటారుతో నడిచే పంపు ద్వారా ఈథర్ కలిపిన గాలిని ఆగకుండా ఊదే యంత్రాన్ని తయారుచేశాడు. దానికి లిడ్విల్ యంత్రం అనే పేరు. ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు వాడారు. 1913లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో మత్తుమందు శాస్త్రానికి తొలి అధ్యాపకుడయ్యాడు. చేపను పట్టిన సంవత్సరమూ అదే అని మీ చర్చ చదివాకే నాకు తెలిసింది.

ఊపిరి తర్వాత గుండె. అది రేపు రాస్తాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్లాలి.

పాతపుటలు రాసింది:

డాక్టరు గారూ, హైదరాబాదు సంగతి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా పిల్లలకు సిడ్నీ ఎక్కడో దూరం. నిజాం పేరు దగ్గర. ఎదురుచూస్తుంటాను.

రాగితీగ రాసింది:

డాక్టరు గారు వచ్చేలోపు పరికరం గురించి నేను కొంత చెబుతాను, నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని. ఈ పరికరాన్ని లిడ్విల్ ఒక్కడే చేయలేదు. సిడ్నీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలోని ఎడ్గార్ బూత్ సాయం చేశాడు. ఇద్దరి పేర్లూ రాయండి.

గోడమీది దీపం పాయింటుకు తగిలించి వాడే పరికరం అది. రెండు ధ్రువాలు. ఒకటి బాగా ఉప్పునీళ్లలో నానబెట్టిన గుడ్డ, దాన్ని చర్మం మీద పెడతారు. రెండోది సూది. మొన తప్ప మిగతా అంతా విద్యుత్తు తగలకుండా పూత వేసిన సూది, దాన్ని నేరుగా గుండెలోకి దించుతారు. నిమిషానికి 80 నుంచి 120 సార్ల వరకు దెబ్బల వేగం మార్చుకోవచ్చు. వోల్టేజీ 1.5 నుంచి 120 దాకా మార్చుకోవచ్చు.

పిల్లలు ఇక్కడ గమనించవలసింది ఆ పూత గురించి. సూది అంతా తెరిచి ఉంటే విద్యుత్తు దారిపొడవునా కండలోకి పారిపోతుంది. మొన ఒక్కటే తెరిచి ఉంటే కావలసిన చోట మాత్రమే తగులుతుంది, కొద్దిపాటి విద్యుత్తు సరిపోతుంది. ఇప్పటి పేస్‌మేకర్ తీగలు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి: ఒళ్లంతా కప్పు, కొన మాత్రం లోహం. వేగాన్నీ బలాన్నీ విడివిడిగా మార్చుకునే వీలు పెట్టడం కూడా ఆలోచన ఉన్నవాడి పని. ఏ గుండెకు ఎంత కావాలో ముందుగా ఎవరికీ తెలియదు కదా.

ఒక్క హెచ్చరిక తప్పనిసరిగా అచ్చువేయండి: గోడ కరెంటుతో ఎవరూ ఏ ప్రయోగమూ చేయకూడదు.

మత్తువైద్యం రాసింది:

రాగితీగ గారు చక్కగా చెప్పారు. ఇక మిగిలింది ఆ బిడ్డ కథ.

సిడ్నీలో క్రౌన్ స్ట్రీట్ మహిళా ఆసుపత్రి ఉండేది, 1983లో మూతపడింది. 1920ల రెండో సగంలో అక్కడ ఊపిరి లేకుండా, గుండె కొట్టుకోకుండా ఒక బిడ్డ పుట్టింది. తెలిసిన మందులన్నీ ఇచ్చి చూశారు, ఫలితం లేదు. లిడ్విల్ సూదిని గుండె కింది గదిలోకి దించి విద్యుత్తు ఇచ్చాడు. ఒక్కొక్క దెబ్బకు గుండె ఒక్కొక్కసారి ముడుచుకుంది. పది నిమిషాల తర్వాత విద్యుత్తు ఆపి చూస్తే గుండె తనంతట తానే కొట్టుకుంటోంది. ఆ బిడ్డ బతికింది. 1929లో సిడ్నీలో జరిగిన వైద్య మహాసభలో ఆయన ఈ సంగతి చెప్పేనాటికి ఆరోగ్యంగా ఉంది. పేరు ఎక్కడా ప్రచురించలేదు. అలా ఉంచడమే మర్యాద.

ఆ పది నిమిషాల గురించి ఒక మాట. నేను గుండె ఆగినవాళ్ల పక్కన నిలబడ్డవాణ్ణి. అక్కడ పది నిమిషాలు చాలా పెద్దవి. యంత్రం దెబ్బకు గుండె కదులుతుంటే, ఎప్పుడు ఆపి చూడాలి? త్వరగా ఆపితే పోతుంది. ఆపకుండా ఉంటే సొంతంగా కొట్టుకోగలదో లేదో ఎప్పటికీ తెలియదు. చేయి తీసేయడానికి కావలసిన ధైర్యం చేయి పెట్టడానికి కావలసినదానికంటే ఎక్కువ. తెప్పకట్టు గారు వాళ్ల నాన్నగారి వేలి గురించి రాసినది చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఎంత వదలాలి, ఎప్పుడు బిగించాలి. మేము కూడా రోగి నాడి మీద వేలు పెట్టుకుని ఈథర్ చుక్కలు లెక్కపెట్టిన గురువుల శిష్యులమే. లిడ్విల్ చేతికి సముద్రం ఆ పాఠం నేర్పి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఉప్పుగాలి రాసింది:

డాక్టరు గారూ, ఈ పోస్టు రెండుసార్లు చదివాను. బిడ్డ గురించి తెలిశాక నా మనసు కొంత మారింది, దాచుకోను. కానీ చివరి మాట మాత్రం వ్యాసంలో పెట్టవద్దని పాతపుటలు గారిని కోరుతున్నాను. సముద్రం ఆయన చేతికి పాఠం నేర్పిందని ఆయన ఎక్కడైనా అన్నాడా? అది మీ అనుభవం, అందమైన అనుభవం. ఆయన జీవితంలో జరిగిన సంగతిగా పిల్లలకు చెబితే, రేపు వాళ్లు దాన్ని చరిత్రగా మరొకరికి చెబుతారు.

మత్తువైద్యం రాసింది:

ఉప్పుగాలి గారు అడిగింది న్యాయం. వెనక్కి తీసుకుంటున్నాను. నా మాటగా ఉంటే ఉండనివ్వండి, లిడ్విల్ మాటగా వద్దు.

పాతపుటలు రాసింది:

నాకు ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చిన సలహా ఇదే. రెండు జీవితాలనూ కలపాలన్న ఆత్రంలో నేనే ఒక వంతెన కట్టబోయాను. వంతెన అక్కర్లేదు. 1913 అనే సంవత్సరం ఒక్కటి చాలు. ఆ ఏడు ఆయన తరగతిగదిలో నిలబడ్డాడు, పడవ మీదా నిలబడ్డాడు. పక్కపక్కన పెట్టి వదిలేస్తాను.

పేస్‌మేకర్ తర్వాత ఏమైందో కూడా ఒక పేరా రాయాలి. తొలి పేస్‌మేకర్ అమెరికాలో పుట్టిందని చాలాచోట్ల చదివాను. దాని సంగతి?

రాగితీగ రాసింది:

న్యూయార్క్‌కు చెందిన ఆల్బర్ట్ హైమన్ 1932లో చేతితో తిప్పి బిగించే స్ప్రింగుతో నడిచే పరికరం గురించి ప్రచురించాడు. కృత్రిమ పేస్‌మేకర్ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది ఆయనే. పేరు పెట్టినవాడి దగ్గరే కథ మొదలవుతుంది కాబట్టి అలా స్థిరపడిపోయింది. లిడ్విల్ చెప్పింది ఒక మహాసభలో, మత్తుమందుకూ గుండెజబ్బుకూ సంబంధించిన ప్రసంగంలో భాగంగా. ఆ పరికరంతో ఆయన వ్యాపారం చేయలేదు.

తర్వాత 1952లో పాల్ జోల్ ఛాతీ మీదనుంచే విద్యుత్తు ఇచ్చి గుండెను నడిపించాడు. 1957లో ఎర్ల్ బకెన్ బ్యాటరీతో నడిచే, ఒంటికి తగిలించుకునే పెట్టె చేశాడు. గోడ తీగ నుంచి రోగికి విడుదల దొరికింది అప్పుడే. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఓకె సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు కలిసి ఆర్నె లార్సన్ అనే రోగి శరీరంలోపలే పరికరాన్ని అమర్చారు. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. అయినా లార్సన్ ఆ తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. తనకు ప్రాణం పోసిన ఇద్దరికంటే ఎక్కువ కాలం ఉన్నాడు.

అంటే లిడ్విల్ కళ్లముందే ఇదంతా జరిగింది. 1969 దాకా ఉన్నాడు కదా. దీపం పాయింటుకు తగిలించిన తన పెట్టె, మనిషి ఒంట్లో ఇమిడే బిళ్లగా మారడం ఆ ముసలాయన పత్రికల్లో చదివే ఉంటాడు... ఇదీ ఊహే కాబట్టి వ్యాసంలో వద్దు.

గుంటూరు పెరడు రాసింది:

నేను ఈ వేదికలో ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. మా నాన్నగారికి రెండేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టారు. నాడి నిమిషానికి 34కు పడిపోయి, పూజ గదిలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఇప్పుడు పొద్దున్నే పెరట్లో బీరపాదుకు పందిరి కడుతున్నారు. ఎడమ భుజం కింద చర్మంలో చిన్న ఉబ్బు, అగ్గిపెట్టె కంటే చిన్నది. చర్చ మొత్తం ఆయనకు చదివి వినిపించాను. అన్నీ విని, "ఆ బిడ్డ ఇప్పుడుంటే నాకంటే పెద్దది" అన్నారు. ఇంకేమీ అనలేదు. చేయి మాత్రం భుజం దగ్గరికి వెళ్లింది.

పాతపుటలు రాసింది:

గుంటూరు పెరడు గారూ, మీ నాన్నగారికి మా అందరి నమస్కారాలు. గోడపత్రిక సిద్ధమయ్యాక వారికి ఒక ప్రతి పంపిస్తాను.

మొదటి పేరా తిరగరాశాను, తప్పులుంటే చెప్పండి:

"1913లో మార్క్ లిడ్విల్ వయసు 35. ఆ ఏడాది సిడ్నీ విశ్వవిద్యాలయంలో మత్తుమందు శాస్త్రం బోధించే తొలి అధ్యాపకుడయ్యాడు. అదే ఏడాది పోర్ట్ స్టీఫెన్స్ సముద్రంలో కర్రతో, రీలుతో 32 కిలోల నల్ల మార్లిన్‌ను పట్టాడు. మన తీరంలో కొమ్ము కోనాం అని పిలిచే చేపల్లో ఇదీ ఒకటి. మన మత్స్యకారులు దీన్ని చేతిగాలంతో పట్టేవారు, కర్రతో రీలుతో పట్టినవారిలో మాత్రం ఆయనే మొదటివాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు తిరిగేలోపు, భౌతికశాస్త్రవేత్త ఎడ్గార్ బూత్‌తో కలిసి చేసిన పరికరంతో, కొట్టుకోని ఒక పసిగుండెను పది నిమిషాలు నడిపించి, చేయి తీసి చూశాడు."

నెల్సన్‌బే నివాసి రాసింది:

చాలా బాగుంది. ఒక్క దిద్దుబాటు. 70 పౌన్లంటే 31.75 కిలోలు. "దాదాపు 32" అనండి, పిల్లలు లెక్కవేసి చూస్తారు. ఆదివారం ఉదయం టొమరీ కొండ ఎక్కుతాను. పైనుంచి ముఖద్వారం, బ్రౌటన్ దీవి కనిపించేలా ఒక ఫొటో తీసి పంపుతాను, వ్యాసం పక్కన పెట్టుకోండి.

తెప్పకట్టు రాసింది:

"పట్టేవారు" కాదండీ, "పడుతున్నారు". మా తమ్ముడు మొన్న రాత్రే వేటకు వెళ్లాడు.

పాతపుటలు రాసింది:

రెండూ మార్చాను.